మూడు చుక్కలు, ఆరు చుక్కలు

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. అందుకని నా రాత అక్కడక్కడ వంకర పోతుంది, చదివేవాళ్ళు సర్దుకోవాలి. మాట మాత్రం వంకరగా చెప్పడం నాకు చేతకాదు. ఈ లారీ ఇంజన్ సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. వాన పడినప్పుడల్లా ఆ ఇనుప ముక్కలు నా కలలోకి వచ్చి, కడిగిన గిన్నెల్లా వరుసగా బోర్లించుకుని కూర్చుంటాయి. అందుకే రాస్తున్నాను.

బైలాడిలా కొండ కింద, గనివాళ్ళ క్వార్టర్లు అయిపోయి బస్తీ మొదలయ్యే చోట మా ఇల్లు. ఉతికిన తెల్ల పంచె దండెం మీద వేస్తే సాయంత్రానికి జేగురు రంగు పట్టేది. వాగు ఎర్రగా పారేది. పొద్దున పూట మబ్బు కొండ దిగి వచ్చి మా వాకిట్లో కూర్చునేది, గొడ్లు అందులోంచి ముందు కొమ్ములతో, తర్వాత ముఖాలతో బయటపడేవి. మధ్యాహ్నం కొండ మీద మందు పేలిస్తే అటక మీద గిన్నెలు కదిలేవి. ఆ మోత నాకు చెవుల్లోంచి వచ్చేది. మా ఆయనకు కాళ్ళలోంచి వచ్చేది. అరికాలు నేలకు ఆనించి "పేలిందే" అనేవాడు.

ఆయనకు చెవులు పోయాయి. మొదట కొన్నేళ్ళు కొండ మీద రాతికి బొక్కలు కొట్టే మిషను దగ్గర, ఆ తర్వాత ఆ లారీలో. పొడుగు ముక్కు, చెక్క క్యాబిను, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్. మేము కొండ కిందికి రాకముందు నుంచే తిరుగుతున్న బండి. దుంగలు మోసింది, సిమెంటు మోసింది, కొన్నాళ్ళు ఇనుపరాయి కూడా మోసింది. యజమాని వ్యాపారం మానుకుని ఊరు వెళ్ళిపోతూ "నువ్వే ఉంచుకో, నీ మాట తప్ప అది ఎవరి మాటా వినదు" అని వదిలేశాడు. అప్పటికే ఈయన ఎవరి మాటా వినలేడు. ఇద్దరికీ జత కుదిరింది.

ఆ ఇంజన్ ఒక్కటే ఆయనకు వినబడేది. జానెడు టేకు కర్ర ఒకటి ఉండేది. ఒక కొన ఇంజన్‌కు ఆనించి, రెండో కొన పళ్ళతో కరిచి పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. చెవులు బాగున్న రోజుల్లో లోపల ఏ ముక్క మూలుగుతోందో పట్టుకోవడానికి అలా చేసేవాడు. చెవులు పోయాక లోకంలోంచి ఆయనలోకి వచ్చే దారి ఆ కర్ర ఒక్కటే అయింది. రోజూ పొద్దున ఇంజన్ వేసి, కాసేపు కర్ర కరిచి, అప్పుడు టీ తాగేవాడు. ఒక ఎండాకాలం ఆ ఇంజన్ నల్లగా పొగ కక్కి, లోపల సుత్తితో కొట్టినట్టు కొట్టుకుని, ఆగిపోయింది. తర్వాత ఆయన మాట్లాడడం కూడా తగ్గించాడు. అన్నం పెడితే తినేవాడు. "లోపల పత్తి గుక్కినట్టున్నదే" అన్నాడు ఒకనాడు. అంతే.

రోడ్డు వెడల్పు చేస్తామని ఇద్దరు మనుషులు వచ్చి లారీ చక్రం మీద సున్నంతో గీత పెట్టి, దసరా లోపల బండి అక్కడ ఉండకూడదన్నారు. నడిస్తే నడిపించుకుపోవాలి, లేదంటే కోయించి అమ్మేయాలి. పాత ఇనుము కొనే కబాడీ అతను ఆ వారం సంతరోజే వచ్చి బండి చుట్టూ తిరిగి, దసరా ముందు సంతకు గ్యాసు కట్టరు తెస్తానని చెప్పిపోయాడు.

పక్క క్వార్టరులో గనిలో పనిచేసే ఫిట్టరు ఉండేవాడు. కోస్తా మనిషి. నన్ను అక్కా అనేవాడు, ఈయన్ని బావగారు అనేవాడు.

"అక్కా, బావగారికి చెప్పండి. దీన్ని ఇంజన్ అనరండి. కాటాకెత్తేయడమే."

"నువ్వే చెప్పు తమ్ముడూ. నీ గొంతుకేం రోగం?"

"నేను అరిస్తే మా ఆవిడ చీపురు పట్టుకొచ్చేస్తదండీ, ఎవరితో గొడవని."

ఈయన మా మూతులు చూస్తూ కూర్చుని, లేచి వెళ్ళి పానాల పెట్టె తెచ్చాడు. "ఇంట్లనే ఇప్పుత" అన్నాడు. ఫిట్టరు నవ్వాడు గానీ, మర్నాడు ఆదివారం గొలుసు కప్పీ భుజాన వేసుకుని వచ్చింది కూడా అతనే.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పేవారు, అది హిందీ మాట్లాడే చోటు గనక హిందీలో. పలక పట్టుకుని పోతుంటే బస్తీలో ఒకామె అడ్డం తగిలి అడిగింది.

"ఏందక్కా, నీ మొగనికి చెవుల్లెవ్వు, సదువు రాదు. నువ్వు రాసి ఎవలికి జూపుతవ్?"

"నాకు నేనే జూపుకుంట. నీకేమన్న నొప్పా?"

తెలుగు అక్షరాలు ఆ తర్వాతెప్పుడో, ఫిట్టరు భార్య దగ్గర, గోడ మీది క్యాలెండరు చూసి నేర్చుకున్నాను. హిందీ నాకు మొదటినుంచీ తిప్పలే. మరైగూడ నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో దుకాణంలో సేటు "తేల్, తేల్" అని నా కాళ్ళ దగ్గర నూనె డబ్బా చూపిస్తే, తేలు అనుకుని బియ్యం బస్తా ఎక్కాను. అలాంటిదాన్ని అంకెలు రాయడం వచ్చేసరికి ఒళ్ళు తెలియలేదు. తలుపు మీద, కుండ మీద, గొర్రు మీద, కనబడ్డ ప్రతిదాని మీదా అంకె వేసేదాన్ని. పంతులమ్మ నా పలక చూసి అప్పుడప్పుడు "ఉల్టా, అమ్మా, ఉల్టా" అనేది. నేను తుడిచి మళ్ళీ రాసేదాన్ని. ఆ మాట మీద పెద్దగా మనసు పెట్టలేదు.

ఇంజన్ విప్పడం బండి కిందనుంచి మొదలైంది. నూనె తొట్టి దింపేశాక, పైన క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, కనబడుతుంది, కడుపు కోసిన జంతువులో వెన్నెముకలాగా. ఆరు పిస్టన్ల నుంచి ఆరు రాడ్లు కిందికి దిగి దాన్ని పట్టుకుని ఉంటాయి. ఒక్కో రాడ్డుకు అడుగున అరచంద్రంలాంటి క్యాపు. రాడ్డు, క్యాపు ఒకే రంధ్రాన్ని రెండుగా కోసిన ముక్కలు, మొగుడూ పెళ్ళాల్లాగా. దీని క్యాపు తీసి దానికి పెడితే క్రాంకు తిరగదు. అందుకే విప్పేటప్పుడే గుర్తు పెట్టాలి. కంపెనీ కొట్టిన గుర్తులు ఎప్పుడో అరిగిపోయాయి.

ఆయన పద్ధతి చుక్కలు. మొన ఉన్న పంచి ఇనుము మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ, ఒక్క చుక్క. ఒకటో రాడ్డుకు ఒక చుక్క, దాని క్యాపుకు ఒక చుక్క. ఆరోదానికి ఆరు. చదువు రాని చేతికి ఉన్న చదువు అది. ఆయన పంచి తీస్తుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"చుక్కలెందుకయ్యో! అంకెలేస్త!"

"ఏంది?"

"అంకెలు! నేను రాస్త!"

నా మొహం వైపు చూశాడు. నా మొహం ఎంత వెలిగిపోతోందో గాని, పంచి మళ్ళీ పెట్టెలో పెట్టేసి పెయింటు డబ్బా నా వైపు జరిపాడు. నాకు గుర్తుండేది ఆ జరపడమే. డబ్బా అడుగు నేల మీద గీసుకుంటూ వచ్చిన చప్పుడు.

వేపపుల్ల కొన నమిలి కుంచె చేసుకుని, బండి కింద వెల్లకిలా పడుకుని, తల మీద వేలాడుతున్న క్యాపులకు తెల్లగా ఆరు అంకెలు వేశాను. మర్నాడు ఆయన క్యాపులు విప్పి, పిస్టన్లను రాడ్లతో సహా పైకి తోసి ఒక్కొక్కటే నా చేతికిస్తే, గడప మీద కూర్చుని రాడ్లకు వేశాను. ఆరు నెమళ్ళు వరుసగా నిలబెట్టినట్టు చూసుకున్నాను.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆ నెలా నెలన్నర మేము ఏదో నీటి అడుగున బతికినట్టు ఉంటుంది తలుచుకుంటే. వసారా నిండా పాత చీరలు పరిచి వాటి మీద ఇంజన్. స్ప్రింగులు, వాల్వులు, టాపెట్లు, పేరు తెలియని కడ్డీలు. అన్నీ కిరోసిన్‌లో కడిగేదాన్ని. నల్లటి మడ్డి కింద నుంచి ఇనుము నీలంగా బయటపడేది, నిద్ర లేచిన పిల్ల కన్ను తెరిచినట్టు. అన్నంలో కిరోసిన్ వాసన, తలలో కిరోసిన్ వాసన, చివరికి చూరు మీంచి కారే వానలో కూడా అదే వాసన ఉన్నట్టుండేది. క్రాంకును తెలిసినవాళ్ళ లారీలో జగదల్‌పూర్ తీసుకెళ్ళి లేతు మీద నునుపు చేయించుకొచ్చాడు. దాన్ని గోనెసంచిలో చుట్టి, ఇద్దరు మనుషులు రోగిని దింపినట్టు దింపారు.

వాల్వులు అరగదీయడం నా పని. వాల్వు దాని గూటిలో చుక్క గాలి పోకుండా కూర్చోవాలి. అడుగున గరుకు ముద్ద పూసి, పైన రబ్బరు మూతి ఉన్న కర్ర తగిలించి, రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. కవ్వంతో చల్ల చిలికినట్టే. కాసేపటికి చేతులు వాటంతటవే తిరిగేవి, నేను ఎక్కడికో పోయేదాన్ని. మరైగూడలో మా అమ్మ దొడ్లోకి పోయేదాన్ని. ఇప్పపూలు రాలిన తెల్లవారు జాములోకి పోయేదాన్ని. మబ్బు వసారాలోకి వచ్చి ఇనుప ముక్కల మధ్య పాకేది. ఎదురుగా ఆయన పిస్టన్ రింగు ఆకుచాటు నుంచి చంద్రుణ్ణి చూసినట్టు వెలుతురుకు ఎత్తి చూస్తూ ఉండేవాడు. గంటలకు గంటలు మాట ఉండేది కాదు. మా ఇద్దరికీ చెవులు లేనట్టే ఉండేది, అది బాగుండేది. చిలకడం అయ్యాక గూట్లో కిరోసిన్ పోసి చూశాడు. అడుగున చెమట కూడా పట్టలేదు.

"ఎవలు నేర్పిర్రే నీకు?" అన్నాడు.

"మీ అమ్మే! చల్ల చెయ్యమని సంపింది గద!"

చాలా రోజుల తర్వాత నవ్వాడు.

వాన తెరిపి ఇచ్చాక వాకిట్లో సాల్ చెట్టు దుంగల మీద ఇంజన్ మొండెం పెట్టి బిగింపు మొదలుపెట్టాడు. క్రాంకు కూర్చుంది, వేలితో తోస్తే తిరిగింది. డాల్డా డబ్బా రేకు కత్తిరించి రింగుల చుట్టూ చుట్టి పిస్టన్లు దింపాడు. నేను రాడ్డు మీద అంకె చూసి, అదే అంకె ఉన్న క్యాపు వెతికి అందించేదాన్ని. "దో! తీన్!" అని అరుస్తూ. ఒక్కో క్యాపు బిగించాక గడ్డపలుగు వేసి క్రాంకు తిప్పి చూసేవాడు. మూడోది బిగించాక బిగువెక్కింది. "కొత్త రింగులు గద" అన్నాడు. ఆరోది బిగించాక కదలడం మానేసింది. ఇద్దరం పలుగు మీద వేలాడాం. కొండను తోసినట్టే ఉంది.

లేతు వాణ్ణి తిట్టాడు. రింగులు తీసి మళ్ళీ వేశాడు. మూడు రోజులు అలా గడిచాయి. నాలుగో రోజు పని ఆపి తన అరచేతులు చూసుకున్నాడు, ముందువైపు, వెనకవైపు.

"చెవులు బోయినయ్. ఇగ చేతులు గూడ బోయినయ్. కబాడోన్ని రమ్మను."

పానాలు ఒక్కొక్కటే నూనె గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. టేకు కర్ర తీసుకెళ్ళి పొయ్యి పక్క కట్టెల్లో పడేశాడు. ఆయన అటు తిరగగానే నేను దాన్ని తీసి కొంగులో దాచాను. దసరా ముందు సంతకు ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు పెడుతున్నాను. ఆ బస్తీలో ముగ్గు వేసేది నేనొక్కదాన్నే. చుక్కలు పెట్టుకుంటూ పోతున్నాను. మూడు, ఆరు, మళ్ళీ మూడు. ఆ పలక పట్టుకుని పోయేటప్పుడు అడ్డం తగిలినామే బిందెతో వచ్చి అవతలి వైపు నిలబడింది.

"అక్కా, నాకు ఇటు నుంచి కనబడుతదా నీ ముగ్గు? ఉల్టా గాదా?"

"చుక్కల ముగ్గుకు ఉల్టా ఏంది? ఎటు నుంచి చూసిన ఒక్కటే" అన్నాను. అని, పిండి చేతిలోనే ఉండగా ఆగిపోయాను.

పలక తెచ్చాను. తడి నేల మీద వెల్లకిలా పడుకున్నాను. పలక మొహం మీద పట్టుకుని, బండి కింద రాసినట్టే, మూడు వేశాను. లేచి కూర్చుని చూశాను. ఆరు.

హిందీ అంకెలు తెలిసినవాళ్ళకు తెలుసు. అక్కడ మూడు ఎడమ వైపు నోరు తెరుస్తుంది, ఆరు కుడివైపు. ఒకదాన్ని అద్దంలో చూస్తే రెండోది. పడుకుని రాస్తే నా చెయ్యి తిరగబడింది. మిగతా అంకెలు తిరగబడినా అవే అంకెలు, కాస్త వికారంగా ఉంటాయంతే. మూడూ ఆరూ మాత్రం ఒకదాని ఇంట్లో ఒకటి దూరాయి. గడప మీద కూర్చుని రాడ్లకు రాసినవి సరిగ్గానే ఉన్నాయి. క్యాపులవి తప్పు.

"అక్కా, పానం బాగలేదా?" అంది బిందె ఆమె.

నేను ఇంజన్ దగ్గరికి పోయి మూడో రాడ్డు, క్యాపు కలిసేచోట గోరు పెట్టి గీశాను. గోరు తట్టుకుంది. ఆరోదాని దగ్గరా తట్టుకుంది. మిగతా నాలుగింటి మీద సాఫుగా జారింది.

ఇప్పుడు నిజం చెప్తాను. అప్పుడు నా మనసులో మొదట వచ్చింది మంచి ఆలోచన కాదు. ఆయన లోపల పడుకున్నాడు. పానా నాకు పట్టడం వచ్చు. రెండు క్యాపులూ మార్చేసి, తెల్ల పెయింటు కిరోసిన్‌తో తుడిచేసి, "ఏమో, రాత్రి చలికి సర్దుకున్నది" అంటే ఎవరికి తెలుస్తుంది? నా అంకెలు నాకుంటాయి. నా పలక నాకుంటుంది. కానీ ఆయన తన చేతులు పోయాయనుకుంటూనే ఉంటాడు. బండి తిరిగినా ఆ మనిషి తిరిగి రాడు.

చెవిటివాడికి గుట్టుగా తప్పు ఒప్పుకోవడం కుదరదు. మంచం దగ్గర నిలబడి అరిచాను.

"తప్పు నాది!"

"ఏంది?"

"నీ చేతులు మంచిగనే ఉన్నయ్! నేను రాసిన అంకెలు తప్పు! మూడు ఆరైంది, ఆరు మూడైంది! ఉల్టా రాసిన!"

నాలుగిళ్ళ అవతల కుక్క మొరిగింది. ఫిట్టరు లుంగీ మీద పరుగెత్తుకొచ్చాడు. "ఏంటక్కా, కొండ మీద మందు ఇంత పొద్దున్నే పేల్చేశారనుకున్నానండీ!" వెనకాల అతని భార్య, బిందె ఆమె, నాతో పాటు చదివే ముగ్గురు ఆడవాళ్ళు. అందరి ముందూ మళ్ళీ అరవాల్సి వచ్చింది, ఎందుకంటే ఆయనకు మొదటిసారి సగమే అర్థమైంది. బిందె ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కుక్కుకోనీ.

ఆయన వచ్చి గోరు పెట్టి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పెట్టె తెరిచి పంచి తీసి నా చేతిలో పెట్టి, సుత్తి కూడా ఇచ్చాడు.

"కొట్టు. చుక్కకు కుడి ఎడమ లెవ్వే."

రెండు క్యాపులు విప్పి మార్చాం. మూడోదానికి మూడు, ఆరోదానికి ఆరు, రాడ్డుకూ క్యాపుకూ నా చేత్తోనే కొట్టాను. చంటిపిల్ల చెంప మీద దిష్టిచుక్క పెట్టినట్టు చిన్నగా. బిగించాక ఆయన పలుగు వేసి ఒంటిచేత్తో తోశాడు. క్రాంకు తిరిగింది. బరువుగా, మెత్తగా, నిండు నీళ్ళలో తెడ్డు తిరిగినట్టు.

"చేతులున్నయ్" అన్నాడు, తనలో తను.

హెడ్డు ఎక్కించి, కప్పీతో మొండెం ఎత్తి బండిలో కూర్చోబెట్టి, పంపు టైమింగు చూసుకునేసరికి సంతరోజు వచ్చేసింది. కబాడీ అతను గ్యాసు సిలిండరు తోపుడు బండి మీద పెట్టుకుని వచ్చాడు. "అమ్మాజీ, సైడ్ ఉండండి, నిప్పు రవ్వలు పడతాయి" అన్నాడు.

"నువ్వే సైడ్ ఉండు, పొగ గొడతది" అన్నాను.

ఫిట్టరు క్యాబిన్‌లో కూర్చున్నాడు. మొదటిసారి గురగురమని ఆగింది. రెండోసారి తెల్లగా దగ్గింది. ఆయన లారీ ముక్కు మీది రేకు ఎత్తి పట్టుకుని, కట్టెల్లో కర్ర కోసం ఇంటివైపు చూశాడు. నేను కొంగులోంచి తీసి ఇచ్చాను. నా వైపు ఒక్క చూపు చూసి తీసుకున్నాడు. మూడోసారి వాకిలి అదిరింది. అటక మీద గిన్నెలు కదిలాయి. లోపల మళ్ళీ కొట్టుకుంటుందేమో అని నేను భయపడిన ఆ సుత్తి చప్పుడు రాలేదు. ఏకధారగా, కొండ మీంచి మబ్బు దిగినట్టు, ఆ మోత దిగింది.

ఆయన కర్ర ఆనించి, పళ్ళతో కరిచి, కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో సిలిండరు దగ్గరికి జరుగుతూ వచ్చాడు. ఒకటి. రెండు. మూడు దగ్గర చాలాసేపు ఉన్నాడు. గడ్డం వణుకుతోంది, ఇంజన్‌దా ఆయనదా తెలియలేదు. ఆరు దగ్గరికి వచ్చాక కర్ర తీసి నాకిచ్చాడు. అది ఆయన పళ్ళ తడితో వెచ్చగా ఉంది. నేనూ కరిచాను. తలలోపల, చెవులతో పనిలేని చోట, పెద్ద వాగొకటి పారుతున్నట్టు వినబడింది. ఇన్నేళ్ళూ ఆయన ఉన్నది ఇక్కడన్నమాట అనుకున్నాను.

"మూడోది గట్టిగ మాట్లాడుతున్నది గదనే" అని అరిచాడు ఆయన. ఎంతో కాలానికి ఆయన అరవడం. "అచ్చం నీ లెక్క!"